గుంటమగ్గంలో కోడిపిల్లలు

అనగనగా ఒక ఊళ్ళో మనుషులకంటే మగ్గాలే ఎక్కువ. నిజం, బంగారుతల్లీ. ఇంట్లో నలుగురుంటే మగ్గాలు అయిదుండేవి. ఆ ఊళ్ళో పిల్లలు పుట్టగానే ఏడ్చేవాళ్ళు కాదు, మగ్గంలో నాడె అటూ ఇటూ ఆడినట్టు టకటకలాడేవాళ్ళు. ఊఁ కొట్టు మరి, ఊఁ కొట్టకపోతే కథ నడవదు.

ఆ ఊళ్ళో నా మేనత్త ఉండేది. పేరు అచ్చాయమ్మ. ఆవిడ నీకు ఏమవుతుందో పొద్దున్నే వేళ్ళమీద లెక్కేద్దాం, ఇప్పుడు లెక్కేస్తే నిద్ర పారిపోతుంది. అచ్చాయమ్మ నేసిన చీర ఎంత పల్చగా ఉండేదంటే, ఆరేస్తే ఈగ అడ్డం ఏమీ లేదనుకుని అటునుంచి ఇటు దూరి వెళ్ళిపోయేది. వెళ్ళాక చీర అని తెలిసి సిగ్గుపడేది.

ఆవిడ మొగుడు సోమలింగం. మాటలు తక్కువ మనిషి. ఏడాదికి ఆరు మాటలు. అందులో నాలుగు "అన్నం పెట్టు" అనేవే.

ఆ ఊరికి ఎర్రమెడ కోళ్ళని ఒక జాతి ఉండేది. ఇంకెక్కడా లేదు. చూడ్డానికి గుప్పెడు, పొగరుకి గంపెడు. ఎర్రమెడ పెట్ట కోపంగా చూస్తే గేదె పక్కకి తప్పుకునేది. ఊరివాళ్ళు నేసిన చీరల గురించి ఎంత గొప్పగా చెప్పుకునేవాళ్ళో ఆ కోళ్ళ గురించీ అంతే గొప్పగా చెప్పుకునేవాళ్ళు.

అప్పుడు ఒక ఏడాది కొక్కెర తెగులు వచ్చింది. అది కోళ్ళకి వచ్చే పాడు రోగం. ఇంటింటా గంపలు ఖాళీ అయిపోయాయి. ఊరు మొత్తానికి మిగిలినవి అచ్చాయమ్మ ఇంటి పెట్ట ఒకటి, ముసలి పుంజు ఒకటి.

పోనీ ఆ పెట్టయినా బుద్ధిగా పొదుగుతుందా? గుడ్డు పెట్టేది, లేచేది, దులుపుకునేది, పెత్తనాలకి పోయేది. పట్టుకొచ్చి గుడ్లమీద కూర్చోబెడితే అచ్చాయమ్మ చెయ్యి పొడిచి మరీ పోయేది.

"ఇంకేం, ఎర్రమెడ కోళ్ళ పని అయిపోయినట్టే" అంది కోటిరత్నం. కోటిరత్నం అంటే అచ్చాయమ్మ తోడికోడలు. పక్కిల్లే. ఆవిడ నాలుక ఎంత పదునంటే, ఇంట్లో కత్తిపీట కొనలేదు, అవసరం రాలేదు.

అచ్చాయమ్మకి రోషం వచ్చింది. వీధి మధ్యలో నిలబడి, "పెట్ట పొదక్కపోతే నేను పొదుగుతాను. ఇంటింటికీ పిల్లనిస్తాను. ఇవ్వకపోతే నా పేరు అచ్చాయమ్మే కాదు!" అనేసింది. ఊరంతా విన్నది. అన్నమాట వెనక్కి తీసుకోవడం ఆవిడ వంశంలోనే లేదు. అంటే మన వంశంలోనే లేదు.

ఆ తర్వాత నూలు వచ్చిన చెక్కపెట్టె ఒకటి తెచ్చింది. లోపల ఊక పోసింది. పైన నలభై క్యాండిల్ బల్బు వేలాడదీసింది. పెట్ట పెట్టిన గుడ్లన్నీ దాచి, ఒక వైపు పసుపు బొట్టు, ఇంకో వైపు కుంకుమ బొట్టు పెట్టింది. పొద్దున పసుపు పైకి, మధ్యాహ్నం కుంకుమ పైకి, సాయంత్రం మళ్ళీ పసుపు పైకి, మర్నాడు పొద్దున కుంకుమ పైకి. అలా తిప్పకపోతే లోపలి పిల్ల ఒక పక్కకే అతుక్కుపోతుంది. గుడ్డుని కనురెప్పకి ఆనించుకుని వేడి చూసేది. చురుక్కుమంటే బల్బు పైకి, చల్లగా ఉంటే బల్బు కిందికి. కరెంటు పోతే పెట్టెకి గొంగళి కప్పి కావలించుకుని కూర్చునేది.

వేడి సంగతి సరే. తడి సంగతే ఆవిడకి తెలియలేదు.

మనవాళ్ళు పసిపిల్లలున్న ఇంట్లో ఏం చేస్తారు? తడి తగిలితే పడిశం పడుతుందని గాలి రాకుండా తలుపులు మూస్తారు, సాంబ్రాణి వేస్తారు. అచ్చాయమ్మ కూడా అదే చేసింది. పెట్టె సందులన్నిటికీ గుడ్డపీలికలు కుక్కింది. రోజుకి మూడుసార్లు సాంబ్రాణి పొగ పట్టింది. గుడ్లకి జలుబు చెయ్యకూడదని! అసలే రోహిణి కార్తె. ఆ ఎండకి నీడ కూడా నీడ వెతుక్కుంటూ మా ఇంట్లోకి వచ్చి మంచినీళ్ళడిగింది.

మూడు వారాలయ్యాయి. పెట్టెలోంచి కిచకిచలు వినిపించాయి. పెంకుల మీద ఆవగింజంత బీటలు పడ్డాయి. అచ్చాయమ్మ వీధంతా పిలిచింది. వీధంతా వచ్చింది. అప్పుడు కిచకిచలు సన్నబడ్డాయి. ఆ తర్వాత ఆగిపోయాయి.

ఒలిచి చూస్తే, పాపం, పిల్లలు నిండుగా ఉన్నాయి. ఈకలు కూడా వచ్చాయి. కానీ పెంకు లోపలి పొర, గంజి ఎక్కువైన చీరలా బిగిసిపోయి, వాటి ఒంటికి అతుక్కుపోయింది. ముక్కు పెట్టి చీల్చుకోలేక, లోపల తిరగలేక అలాగే ఆగిపోయాయి. అచ్చాయమ్మ వాటిని మల్లెపాదులో పూడ్చి, ఆ రోజు అన్నం తినలేదు.

"ఓహో, తడి లేక ఇలా అయిందన్నమాట. అయితే తడిపేస్తాను" అనుకుంది. అనుకుంటే ఆగుతుందా?

రెండో వాయి గుడ్లు పెట్టింది. ఈసారి పెట్టెలో నాలుగు మూలలా నాలుగు గిన్నెల నీళ్ళు. పైన తడి గోనె. పక్కన తడి గోనె. పొద్దస్తమానం చల్లుడే చల్లుడు. దానికి తోడు వానలు పట్టాయి. ఆ పెట్టెలోకి తొంగిచూసినవాళ్ళు గొడుగు వేసుకుని చూసేవాళ్ళు. ఒక మూల నాచు పట్టింది, ఇంకో మూల కప్ప కాపురం పెట్టింది. నేను చూశాను, దానికి ఇద్దరు పిల్లలు కూడా.

మూడు వారాలయ్యాయి. కిచకిచ లేదు. కిచ్ కూడా లేదు. ఒలిచి చూస్తే పిల్లలు నీళ్ళు నిండి ఉబ్బిపోయి ఉన్నాయి. ఆ వాసనకి ఊళ్ళోకి వస్తున్న పెళ్ళివారు పల్లకీ వెనక్కి తిప్పేసి, వేరే ఊళ్ళో పెళ్ళి చేసుకుని పోయారు.

కోటిరత్నం ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది. "ఏమక్కా, మొదటి వాయి వేపుడు చేశావు. రెండో వాయి పులుసు పెట్టావు. మూడోది ఇగురా?" అంది.

అచ్చాయమ్మ తల దించుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది. అంతటి అచ్చాయమ్మ తల దించుకోవడం, ఊళ్ళోవాళ్ళకి సూర్యుడు ఉదయించకపోయినట్టే అనిపించింది.

అప్పుడు ఇంకో దెబ్బ తగిలింది. ముసలి పుంజు వానలకి రొంప పట్టి చచ్చిపోయింది. పుంజు లేకపోతే ఇక పెట్ట పెట్టే గుడ్లలో పిల్లలు రావు కదా. అది బతికుండగా పెట్టిన గుడ్లు బుట్టలో కొన్ని ఉన్నాయి. అవే ఆఖరివి. అవి కూడా పోతే ఎర్రమెడ కోడి అనేది ఈ భూమ్మీద ఉండదు. అచ్చాయమ్మ మాట కూడా ఉండదు.

ఆవిడ ఆ బుట్ట ముందర కూర్చుంది. ఆరబెట్టమంటే ఆరబెట్టగలదు, తడపమంటే తడపగలదు. ఎంతవరకో తెలియదు. ఎవర్ని అడగాలో తెలియదు.

ఆ తర్వాత ఏం చేస్తుంది, మగ్గం ముందు కూర్చుంది. వాళ్ళది గుంటమగ్గం. నేలలో నడుంలోతు గొయ్యి తవ్వి, కాళ్ళు అందులోకి వేలాడేసుకుని నేస్తారు. వానలు వెనక్కి తగ్గి, పడమటిగాలి పట్టింది ఆ రోజు. పోగులు టప్ టప్ మని తెగుతున్నాయి. అచ్చాయమ్మ ఒక పోగుని వేలితో మీటింది. గరగరలాడింది. చెంబు తీసుకుని గుంటలో నాలుగు చుక్కలు చల్లింది. మళ్ళీ మీటింది. ఇంకో రెండు చుక్కలు చల్లింది. అంతే, ఆపేసింది. ఇంకా చల్లితే గంజి కరిగి పోగూ పోగూ అతుక్కుంటాయని ఆవిడ వేళ్ళకి తెలుసు.

సోమలింగం ఇదంతా చూస్తున్నాడు. ఆ ఏడాదికి మిగిలిన రెండు మాటల్లో ఒకటి బయటికి తీశాడు.

"గుడ్డకి తడి చూసే చేతికి గుడ్డుకి చూడ్డం రాదుటే? రెంటికీ కొమ్మొక్కటేగా తేడా!"

చూశావా బంగారం! పలకమీద 'గుడ్డ' రాసి కొమ్మిస్తే 'గుడ్డు' అవుతుంది. అచ్చాయమ్మ చెంబు అక్కడే పారేసి లేచింది. ఆ చెంబు దొర్లుకుంటూ పోయి మూడు ఊళ్ళవతల ఆగింది.

నిజంగా ఆలోచించు. గుడ్డు పెంకు కూడా నేసిన గుడ్డలాంటిదే. కంటికి కనపడని సందులుంటాయి. ఆ సందుల్లోంచి గుడ్డు రోజూ కొంచెం కొంచెం ఆరుతుంది. ఆరినకొద్దీ లావుగా ఉండే కొన దగ్గర చిన్న ఖాళీ గది ఏర్పడుతుంది. పిల్ల మొదటి ఊపిరి ఆ గదిలోనే తీసుకుంటుంది. బయట పొడిగా ఉంటే గది పెద్దదై పిల్ల ఎండిపోతుంది. బయట చిత్తడిగా ఉంటే గది ఏర్పడక పిల్లకి ఊపిరి అందదు.

అప్పుడు అచ్చాయమ్మ పెట్టెని గుంటలోకి దించింది. తన కాళ్ళ పక్కనే. ఆ గుంటలో గాలి ఎండాకాలం ఎండదు, వానాకాలం నానదు. సందుల్లో కుక్కిన పీలికలు పీకేసింది. గిన్నెలు నాలుగూ తీసేసి ఒక్క మూకుడు నీళ్ళు పెట్టింది. గంజి పెట్టిన పోగు ఒకటి తెంపి, పెట్టె లోపల ఈ చివరనుంచి ఆ చివరకి బిగించి కట్టింది. గుడ్లు తిప్పినప్పుడల్లా ఆ పోగు మీటేది. గరగరలాడితే మూకుట్లో నీళ్ళు నింపేది. జిగటగా ఉంటే మూకుడు తీసి గాలి ఆడనిచ్చేది. మెత్తగా జారితే, "భలే" అని తనని తనే మెచ్చుకునేది. అప్పుడప్పుడు గుడ్డుని బల్బుకి అడ్డం పెట్టి, ఖాళీ గది గోరంత నుంచి కొంచెం కొంచెంగా పెరుగుతోందా లేదా చూసుకునేది.

పిల్లలు ముక్కుతో పెంకు పొడిచే రోజులు దగ్గరపడ్డాయి. సన్నపోగు నేసేటప్పుడు తడి కాస్త ఎక్కువ కావాలి. పెంకు లోపలి పొరకంటే సన్నపోగు ఇంకేముంది? అచ్చాయమ్మ మూకుడు తీసి వెడల్పు పళ్ళెం పెట్టింది. తడిగుడ్డ ఒకటి కట్టింది. గుడ్లు తిప్పడం మానేసింది. మూత వేసింది. "ఇక ఇంద్రుడు వచ్చి అడిగినా తియ్యను" అంది.

ఒకరోజు పొద్దున్నే పెట్టెలో కిచకిచ మొదలైంది. మొదట విన్నది ఎవరనుకున్నావు? కోటిరత్నం. గోడ అవతల్నుంచి విని పరిగెత్తుకొచ్చింది.

"అక్కా! లోపల ఏడుస్తున్నాయే! మూత తియ్యి."

"తియ్యను."

"నీది గుండెనా, బండనా? ఒక్క వేలితో పెంకు ఒలిస్తే బయటపడతాయి కదే!"

"మూత తీస్తే తడి ఎగిరిపోతుంది. తడి పోతే పొర బిగుస్తుంది. మళ్ళీ వేపుడే. కూర్చుంటే కూర్చో, లేకపోతే పో."

ఆశ్చర్యం ఏంటంటే, కోటిరత్నం కూర్చుంది.

ఆ తర్వాత ఊరు మొత్తం వచ్చింది. మధ్యాహ్నానికి కిచకిచ ఆగిపోయింది. అచ్చం మొదటిసారి ఆగినట్టే. ఊళ్ళో మగ్గాలన్నీ ఆగాయి. ఆ నిశ్శబ్దంలో చీమ దగ్గితే కూడా అందరూ వెనక్కి తిరిగి చూశారు.

అచ్చాయమ్మ వెళ్ళి పెట్టె మీద కూర్చుంది. కానీ చెయ్యి ఊరుకోదే! మెల్లగా మూత అంచు మీదికి పాకింది. ఎడమ చేత్తో కుడి చేతిని వెనక్కి లాగింది. కాసేపాగి ఎడమ చెయ్యే పాకింది. పిల్లలు లోపల అలిసిపోయి పడుకున్నాయో, పొర బిగిసి ఆగిపోయాయో, తెలిసేదెలా? మూత ఒక్కసారి, ఒక్క రవ్వ ఎత్తి చూస్తే? ఆఖరి గుడ్లు అవి.

అప్పుడావిడ ఏం చేసిందో తెలుసా? నూలు చుట్టిన కండెలోంచి పోగు లాగి, తన రెండు చేతులూ మగ్గం గుంజకి కట్టెయ్యమంది మొగుణ్ణి. ఆయన కట్టేశాడు. ముడి మీద ముడి, తొమ్మిది ముళ్ళు. తర్వాత ఆవిడకి అన్నం కలిపి తినిపించాడు. కోటిరత్నం మంచినీళ్ళు పట్టింది. అచ్చాయమ్మ కళ్ళు మూసుకుని, తన వేళ్ళు చెప్పిన మాటనే నమ్ముకుని కూర్చుంది.

దీపాలు పెట్టే వేళయింది. పెట్టెలో 'టిక్' మంది. ఆ తర్వాత 'టిక్ టిక్' మంది. ఆ తర్వాత పెంకు చక్కగా చుట్టూరా తెగి, మూత ఊడినట్టు ఊడిన చప్పుడు వచ్చింది. అప్పుడు ఒకటే కిచకిచ! ఊరంతా ఈల వేసింది. ఆ ఈలకి రైలు ఆగిపోయింది. మా ఊరికి రైలు మార్గం లేదు, అయినా ఆగిపోయింది.

అచ్చాయమ్మ అప్పటికీ మూత తియ్యలేదు. ఒంటి తడి ఆరి, పిల్లలు దూదిపింజల్లా అయ్యేదాకా ఆగింది. తెల్లారాక కట్లు విప్పించుకుని, అప్పుడు తీసింది. పెట్టిన గుడ్లు పద్నాలుగు. వచ్చిన పిల్లలు నలభై అంటుంది మా అమ్మ, డెబ్భై అంటాను నేను. అన్నిటికీ మెడలు ఎర్రగా, పొగరుగా!

ఆ పిల్లలు కళ్ళు విప్పి మొదట చూసిన మొహం అచ్చాయమ్మది. ఇక ఈవిడే మా అమ్మ అనుకున్నాయి. ఆవిడ గుంటలోంచి లేస్తే లేచాయి. గడప దాటితే దాటాయి. ఆవిడ ముందు, వెనక బారుగా పిల్లలు, ఆ వెనక ఇదేం వింత అనుకుంటూ పెట్ట. అచ్చాయమ్మ కొంగు నడుముకి చుట్టి, తల పైకెత్తి, నేతగాళ్ళ వీధిలో ఆ చివరినుంచి ఈ చివరిదాకా నడిచింది. మగ్గాలమీంచి లేచి వచ్చి జనం రెండు వైపులా నిలబడ్డారు. గుమ్మం గుమ్మానికీ ఒక పిల్లని చేతిలో పెట్టింది.

కోటిరత్నం గుమ్మం వచ్చింది. కోటిరత్నం పక్కకి తప్పుకుని, గట్టిగా, వీధంతా వినేలా, "దారివ్వండర్రా! తల్లికోడి వస్తోంది!" అంది.

ఆ రోజునుంచి ఊళ్ళో ఎవరూ ఆవిణ్ణి వేరే పేరుతో పిలవలేదు. ఆవిడ కూడా ఆ పేరుకే పలికేది, ఠీవిగా.

కథ పోయె కంచికి,
పిల్ల పోయె గంపకి,
పెట్ట పోయె గట్టుకి,
మనం పోదాం ఇంటికి,
నిద్ర వచ్చె కంటికి!