వెండిదిబ్బ తగవు

అనగనగా నడిసముద్రంలో ఒక చిన్న దీవి, ఆ దీవికొక రాజు, ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. దీవి పేరు నత్తలదీవి. అక్కడ వరి పండదు, జొన్న పండదు. కాస్త దూరంలో నీళ్ళ మధ్య వెండిదిబ్బ అని ఒక ఇసుకదిబ్బ ఉంది. చేపలన్నీ దాని చుట్టూనే. పడవ వెండిదిబ్బకి వెళ్తేనే ఊళ్ళో పొయ్యి వెలిగేది.

ఇలా ఉండగా తూర్పు సముద్రపు మాంత్రికుడు ఝంఝాకేతుడు, "మేడెక్కితే ఆ దిబ్బ నాకు కనబడుతోంది. కనబడిందంతా నాదే," అన్నాడు. ఎంత చక్కని న్యాయమో చూశారా! దిబ్బ చుట్టూ సుడిగాలిని కాపలా పెట్టాడు. పడవలు ఖాళీగా తిరిగొచ్చాయి.

పెద్దకొడుకు పడమటి చక్రవర్తి రత్నకిరీటి దగ్గరికి పోయి, కాపాడమన్నాడు. "అదెంత పని," అంటూ చక్రవర్తి ఓడలు పంపాడు. అవి వచ్చి రేవునిండా తిష్ట వేశాయి. ఇక పడవ దింపడానికే చోటు లేకపోయింది.

రెండోకొడుకు ముత్యాలు పట్టుకుని మాంత్రికుడి దగ్గరికి పోయాడు. మాంత్రికుడు ముత్యాలు పుచ్చుకుని, "ముందు వాడి ఓడల్ని పొమ్మను," అన్నాడు. చక్రవర్తిని అడిగితే, "ముందు వాడి సుడిగాలిని పొమ్మను," అన్నాడు. ఆంబోతుల కొట్లాటలో లేగదూడల కాళ్ళు విరిగినట్టయింది దీవి పని. పిల్లలు నాచు ఉడకబెట్టుకుని తిన్నారు.

మూడోవాడు వరుణదత్తుడు. అతన్ని చక్రవర్తే పిలిపించాడు. "ఏడు సముద్రాల అవతల రాతికోటలో ఒక చిలక ఉంది. మాంత్రికుడి ప్రాణం దాన్లోనే ఉంది. దాని మెడ విరిచావంటే నా కూతురు తారావళిని నీకిస్తాను," అన్నాడు.

ఒకప్పుడు తను వలలోంచి విడిపించిన తాబేలు వీపెక్కి బయల్దేరాడు వరుణదత్తుడు. ఒక సముద్రం దాటాడు, రెండు దాటాడు, ఏడూ దాటాడు. కోట వాకిట్లో పెద్ద పాము కాపలా ఉంది. తాబేలు దానికి కబుర్లు చెప్పడం మొదలుపెట్టింది. తాబేలు కబురు ఎంత నిదానంగా సాగుతుందో చెప్పాలా? పాము నిద్రపోయింది.

వరుణదత్తుడు చిలక మెడ మీద చెయ్యి వేశాడు.

"విరువు నాయనా," అంది చిలక. "నేను పోతే మాంత్రికుడు పోతాడు. ఆ తరవాత చక్రవర్తి ఓడల్ని ఎవరు పొమ్మంటారు?"

అతని చెయ్యి ఆగిపోయింది. భయమేసింది. అప్పుడు వాళ్ళ దీవి కట్టుబాటు మనసులో మెదిలింది. వల వేసే చోటు కోసం రెండు పడవలవాళ్ళు తగువు పడితే, పెద్దలు ఇద్దరి తెడ్లూ తీసుకెళ్ళి మూడో ఇంట్లో పెడతారు. తెడ్డు లేకుండా సముద్రం మీద పోట్లాడేదెవరు? తగువు తీరేదాకా ఇద్దరూ ఒడ్డునే ఉండాలి.

"నా చేతికి ఒక్క తెడ్డే వచ్చింది, చక్రవర్తిది ఇంకా రావాలి," అనుకున్నాడు వరుణదత్తుడు.

చిలకను ఇంటికి తెచ్చి, "చిలక నా దగ్గరుంది. పెళ్ళి మా దీవిలోనే జరగాలి," అని చక్రవర్తికి కబురంపాడు. చక్రవర్తి సంబరపడి కూతుర్ని పంపాడు.

వరుణదత్తుడు పెళ్ళికి ముందే ఆమెతో ఉన్నమాట చెప్పేశాడు. "నేను చిలకను చంపను. నువ్వు వెండిదిబ్బ మీద కాపురముంటే మీ నాన్నగారు మా మీద చెయ్యెత్తలేరు. అందుకే నిన్ను అడుగుతున్నాను. ఇష్టం లేకపోతే నేనే దిగబెడతాను."

"చిలక మెడకి నన్ను బేరం పెట్టినప్పుడు నాన్నగారు నన్ను అడగలేదు. మీరు అడిగారు. ఉంటాను," అంది తారావళి.

పెళ్ళయింది. ఇద్దరూ చిలక పంజరంతో తాబేలు వీపెక్కి దిబ్బకి బయల్దేరారు. తన గాలికి తన ప్రాణమే పోతుందని మాంత్రికుడు సుడిగాలిని వెనక్కి పిలిచాడు. దిబ్బ మీద ఇల్లు లేచింది, వసారాలో పంజరం వేలాడింది.

"మరి మెడ విరవవేం?" అని ఉరిమాడు చక్రవర్తి.

"విరిస్తే మా సముద్రానికి మీరొక్కరే మిగులుతారు మామగారూ," అన్నాడు వరుణదత్తుడు.

చక్రవర్తి పళ్ళు నూరాడు. కానీ నిప్పుబాణం వేద్దామంటే ఆ ఇంట్లో కూతురుంది. చేసేది లేక ఓడలు మళ్ళించుకుపోయాడు. నత్తలదీవిలో పొయ్యిలు వెలిగాయి.

తండ్రి తరవాత వరుణదత్తుడే రాజయ్యాడు. తారావళితో, పిల్లాపాపలతో చాలాకాలం హాయిగా ఏలాడు. కాకపోతే ఏ పూటా చిలకకి జామపండు కోసి పెట్టనిదే తను ముద్ద ముట్టేవాడు కాదు. అది ఒక్క తుమ్ము తుమ్మితే ఊరు ఊరంతా పనులు మానుకుని దిబ్బ మీదికి వచ్చి నిలబడేది. తన పగవాడు నూరేళ్ళు చల్లగా ఉండాలని రోజూ దణ్ణం పెట్టుకున్న రాజు, నాకు తెలిసి, అతనొక్కడే.