చిలకచేప నోరెందుకు మూయదు?

ఒకప్పుడు చేపలు ఏ జాతికి ఆ జాతిగానే ఉండేవి. ఏటిచేప ఏటిచేపతో, మడుగుచేప మడుగుచేపతో జతకట్టేది. కాపాడుకున్న గుడ్లు పిల్లలయ్యేవి.

రంగుచేపలు అమ్మే గవరయ్యకి అది చాల్లేదు. లోకంలో ఎవరి దగ్గరా లేని చేప తన దగ్గరుండాలని కోరిక. ఏటినుంచి ఎర్రటి మగచేపనీ, మడుగునుంచి లావుపాటి ఆడచేపనీ తెచ్చి ఒకే గాజుతొట్టిలో పడేశాడు. వేరే తోడు లేక అవి రెండూ జతకట్టాయి. వాటికి పుట్టిందే కుంకుమ.

బంతిలా గుండ్రంగా, పండుమిరప రంగులో, చిలకముక్కులాంటి మూతితో ఉండేది. జనం ఎగబడి చూశారు. చిలకచేప అని పేరు పెట్టారు.

కుంకుమ ఎదిగింది. తనలాగే రెండు జాతులకి ఇంకో తొట్టిలో పుట్టి, ఈ తొట్టికి వచ్చిన చెండు అనే మగచేపని మెచ్చింది. ఇద్దరూ కలిసి ఒక నున్నటి రాయిని ఎంచుకుని నోటితో తోమి తోమి మెరిపించారు. కుంకుమ దానిమీద ముత్యాల్లా గుడ్లు పెట్టింది. చెండు తన విత్తనం చల్లుతూ వాటిమీదుగా ఈదాడు. ఇక ఆమె తిండి మానేసి, రెక్కలతో నీళ్లు విసురుతూ అక్కడే నిలబడింది.

తెల్లారేసరికి గుడ్లు సున్నంలా తెల్లబడ్డాయి. తర్వాత బూజు పట్టింది.

తనే సరిగా చూసుకోలేదనుకుంది కుంకుమ. రాయిని ఇంకా బాగా తోమి మళ్లీ పెట్టింది. అవీ తెల్లబడ్డాయి. పక్కతొట్టిలోని గౌరామి జాతి ముసలిచేప అవ్వకి జాలేసింది. ఇందులో నీ తప్పేం లేదే, రెండు జాతులు కలిపి పుట్టించిన మగచేప విత్తనంలో సత్తువ ఉండదు అని చెప్పింది. చెండు సిగ్గుతో మొక్కల చాటుకి పోయాడు.

సరిగ్గా అప్పుడే గవరయ్య ఎవరితోనో అంటున్న మాట వినబడింది. "ఇవి పిల్లల్ని కనవు. అదీ మనకి మంచిదే. ఇంకోటి కావాలంటే నా దగ్గరికే రావాలి కదా."

కుంకుమకి ఒళ్లు మండిపోయింది. తన కడుపుకోత ఇతనికి మంచిదట! నీళ్లన్నిటికీ దేవతైన నీళ్లమ్మని పిలిచి నిలదీసింది. నీ కడుపులోనే కదా ఇదంతా జరిగింది, చూస్తూ ఎలా ఊరుకున్నావని అడిగింది.

 విత్తనానికి ప్రాణం పోయడం తన చేతిలో లేదంది నీళ్లమ్మ. "గుడ్లు పెట్టాలన్న ఆశ మాత్రం నీలోంచి తీసేయగలను తల్లీ. ఇక నీకీ బాధ ఉండదు."

"తప్పు చేసినవాడు హాయిగా ఉన్నాడు. అతన్నేమీ అనవు, నా ఆశ తీసేస్తానంటావా?" అంది కుంకుమ. "రాయి తోమింది నేను. గుడ్లు పెట్టింది నేను. పిల్లలు పుట్టినా పుట్టకపోయినా వాటికి తల్లిని నేనే. నన్నిలా ఎందుకు చేశారో చెప్పేదాకా ఈ నోరు మూయను."

నీళ్లమ్మ ఆ ఆశని ఆమెకే వదిలేసింది.

ఇంతలో గవరయ్య, పాడైన గుడ్లతో సహా ఆ రాయిని తీసేద్దామని తొట్టిలో చెయ్యి పెట్టాడు. కుంకుమ దూసుకొచ్చి వేలు కరిచింది. అతను చెయ్యి లాక్కుని తొట్టిలోకి వంగి చూశాడు. ఆమె గాజుకి ఆనుకుని, నోరు తెరిచి, అతని కళ్లలోకే చూస్తోంది. గవరయ్య రాయిని అక్కడే వదిలేసి తల తిప్పుకున్నాడు.

మొక్కల చాటునుంచి చెండు మెల్లగా బయటికొచ్చాడు. రాయికి అటుపక్కన కాపలాగా నిలబడ్డాడు.

అప్పటినుంచే చిలకచేప నోరు పూర్తిగా మూసుకోదు. అప్పటినుంచే అది జతతో కలిసి రాయి తోముతుంది, గుడ్లు పెడుతుంది, అవి సున్నంలా తెల్లబడుతున్నా రెక్కలతో నీళ్లు విసురుతూనే ఉంటుంది. అటువైపు ఎవరు చెయ్యి పెట్టినా ఊరుకోదు.