తోక తక్కువ చిలకమ్మ

మారేడుమిల్లి కొండల్లో జీలుగు చెట్లు ఎక్కడుంటే కల్లు కుండలు అక్కడుంటాయి. కల్లు కుండలు ఎక్కడుంటే కురచమ్మ మొగుడు అక్కడుంటాడు. వాళ్లది పొట్టి చిలకల జాతి. పిడికిట్లో ఇమిడేంత పచ్చటి ఒళ్లు, ఎర్ర ముక్కు, నడుం మీద ఎర్రమచ్చ. తోక ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. నిద్రపోయేది గబ్బిలంలా తలకిందులుగా. మొగుడికి గొంతు కింద చిటికెడు నీలం కూడా ఉంది గానీ, అదీ ఆయనలాగే ఎందుకూ పనికిరాదు.

ఆ రోజు ఆయన కుండ మూతికి వేలాడుతూ గుర్రు పెడుతుండగా, మద్దిచెట్టు తొర్రలో ఉన్న కురచమ్మ కాపురం మీదికి రాయుడొచ్చి పడ్డాడు. రాయుడు రామచిలక. మెడలో గులాబిరంగు దండ, జానెడు తోక, బారెడు గర్వం.

“ఏమేవ్, ఈ తొర్ర ఖాళీ చెయ్యి. తొర్రలు చిలకలవి.”

“నేనూ చిలకనే గదన్నా! లోపల గుడ్లున్నాయి. ఆకులు చీల్చి, నడుం ఈకల్లో దోపుకొని, ఒక్కో పీలికా మోసుకొచ్చి పక్క పరుచుకున్నాను.”

“తోక లేదు, దండ లేదు, పైగా తలకిందుల నిద్ర. నువ్వు చిలకవేంటే? పద, పెద్దమనిషి దగ్గరే తేల్చుకుందాం.”

ఆ పెద్దమనిషి ఎవరయ్యా అంటే, పునుగుపిల్లి కామేశం! గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అన్నారా?

“తగువు తర్వాత. ముందు తొర్ర చూపించండి. గుడ్లు ఎన్నున్నాయో... అదే, హక్కు ఎవరిదో చూడాలి గదా” అన్నాడు కామేశం, మూతి నాక్కుంటూ.

రాయుడు అప్పుడే చూపించడానికి రెక్క ఎత్తాడు. కురచమ్మ గబుక్కున అడ్డుపడింది.

“చూపిస్తాం పెద్దయ్యా, తొర్ర ఎక్కడికి పోద్ది? ముందు చిలక ఎవరో తేలితే గదా, తొర్ర ఎవరిదో తేలేది! పొద్దు గూకే వేళకి ఆ మద్దిచెట్టు కాడికి రండి. మీ కంటికి ఆనినోళ్లే చిలక.”

రాయుడు పగలబడి నవ్వాడు. “పిచ్చిదానా! నేను ఆనకపోతే నువ్వు ఆనతావా?”

“అదే గదన్నా నా భయం” అంది కురచమ్మ దీనంగా.

పొద్దు గూకింది. కురచమ్మ తొర్ర మూతికి అడ్డంగా తలకిందులుగా వేలాడి, నడుం మీది ఎరుపును రెక్కల కింద దాచేసి, ఆకుల్లో ఆకైపోయింది. రాయుడు బోడికొమ్మ చివర కూర్చుని తోక సవరించుకున్నాడు. అయినా అనుమానం తీరక, గొంతెత్తి కీకీమని అరిచాడు కూడా.

కామేశం దారిలో ఓ కుండ రుచి చూసి మరీ వచ్చాడు. “ఎవరక్కడ?”

“నేనే పెద్దయ్యా! దండ కూడా చూడండి!”

“చూశాను. అచ్చమైన చిలకవి. తీర్పు నీకే.”

“మరి ఆ కురచది?”

“ఎక్కడా? ఇక్కడ నువ్వు తప్ప ఎవరూ లేరే!” అంటూనే ఒక్క దూకు దూకాడు.

తోక నోటికి చిక్కింది గానీ రాయుడు చిక్కలేదు. మత్తులో పట్టు తప్పిన కామేశం వెళ్లి పక్క జీలుగు చెట్టు కుండ మీద పడ్డాడు. కుండ భళ్లుమంది. కల్లు దించడానికొచ్చిన గీతగాడు అది చూసి కత్తి పట్టుకుని తరిమాడు. కామేశం కొండ దిగి పారిపోయి, మళ్లీ ఆ వైపు రాలేదు. కుండతో పాటు కిందపడ్డ కురచమ్మ మొగుడు ఒక కన్ను తెరిచి, “తెల్లారిందా?” అని అడిగి మళ్లీ పడుకున్నాడు.

నిజంగా తెల్లారాక, రాయుడి చుట్టాలు రాయుణ్ణి చూసి, “తోక లేనోడు చిలకెట్టా అవుతాడు? పోరా!” అని పొడిచి తరిమారు. పాపం, ఆ మాట వాళ్లకు నేర్పింది ఆయనే. బిక్కమొహంతో మద్దిచెట్టుకి వచ్చాడు.

“చెల్లీ, కురచమ్మా... ఓ కొమ్మ చూపించవే.”

“దానికేం భాగ్యం అన్నా, చూపిస్తాను. తలకిందులుగా వేలాడ్డం వచ్చా?”

రాయుడు ఎవరూ చూడటం లేదు కదా అని అటూ ఇటూ చూసుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, మెల్లగా తలకిందులయ్యాడు.

నీతి: తోక చూసుకుని మురిసేవాడు, అది ఎవరి నోటికి అందుతుందో కూడా చూసుకోవాలి.