వెంకాయమ్మ విన్న ఫ్రెంచి మాట

నిత్యానందయ్య గారు అడిగిన ప్రశ్నకు తిన్నగా జవాబు చెప్పే మనిషి కారు. కొత్తగా వచ్చిన శిష్యుడితో గురువుగారు చనువుగా మాట్లాడుతుంటే తనకు కడుపు రగిలిపోతోందని పాత శిష్యుడు శరభయ్య ఒకనాడు దాచకుండా చెప్పుకుని, అసూయ పోయే దారేమిటని అడిగాడు. ఆయన ఉత్తరీయం సర్దుకుని, యానాం దగ్గర ఒక పల్లెలో జరిగిన సంగతి ఎత్తుకున్నారు.

ఆ పల్లెలో కోదండపాణి అనే రైతు ఉండేవాడు. చిన్నతనంలో ఫ్రెంచి బడిలో చదివినవాడు. ఫ్రెంచిలో ఒక చిన్న సినిమా తీయడానికి ఆ ఊరు వచ్చినవాళ్ళు ఆయన ముఖమూ భాషా నచ్చి రైతు వేషం ఇచ్చారు. అలిగి వెళ్ళి తిరిగొచ్చే భార్య వేషానికి పుదుచ్చేరి నుంచి ఒక నటి వచ్చింది. ఆమెతో ఆయన అనవలసింది ఒక్కటే మాట. పొలంలోనూ పెరట్లోనూ దాన్నే వల్లెవేస్తుంటే, భార్య వెంకాయమ్మ అర్థం అడిగింది.

"నువ్వు వెళ్ళాక పొయ్యి వెలిగించాను గానీ, ముద్ద దిగలేదు" అని చెప్పాడాయన, గేదెకు గడ్డి వేస్తూ.

ఆమెకు ఒళ్ళు భగ్గుమంది. రెండు పురుళ్ళకూ పుట్టింట్లో నెలల తరబడి ఉంటే ఈ మనిషి కబురైనా చేయలేదు. ఇప్పుడు ముక్కూ మొహం తెలియని ఆడమనిషి కోసం ముద్ద దిగదట. షూటింగు రోజున అన్నం క్యారేజీ నెపంతో వెళ్ళి, ఆ నటిని చీరకట్టు నుంచి గాజుల దాకా కళ్ళతోనే కాల్చేసింది.

ఆరుసార్లు తీశారు. ఆరుసార్లూ కోదండపాణి పాఠం అప్పజెప్పినట్టే అన్నాడు. దర్శకుడు విసిగి, ముందు ఆయన ముఖం ఒక్కటే తీద్దామని నటిని విశ్రాంతికి పంపించి, ఎవరినైనా ఎదురుగా కూర్చోమన్నాడు. దగ్గర్లో ఉన్నది వెంకాయమ్మే. మూతి ముడుచుకునే కూర్చుంది.

ఆయన ఆమె వంక చాలాసేపు చూశాడు. సగం మాట పైకే అన్నాడు. మిగతా సగం గుసగుసలా వచ్చింది.

తర్వాత ఊళ్ళో తెర కట్టి సినిమా వేశారు. ఆ గుసగుస వెంటనే తెర మీద కనబడింది నటి ముఖమే. ఎంత అదృష్టవంతురాలో అని జనం ఆమె గురించే చెప్పుకున్నారు.

"అయితే ఆవిడ అసూయ పోయినట్టేనా, స్వామీ?" అన్నాడు శరభయ్య.

"పోలేదు నాయనా. ఇప్పటికీ ఆ సినిమా వేస్తే, ఆ అమ్మాయి ముఖం వచ్చేసరికి కళ్ళు మూసుకుంటుంది. మాట మాత్రం వింటుంది."