ఇసాంగవ్వ పోసిన గీత

తూర్పు సముద్రానికి అవతల, దీవులు దీవులుగా విడిపోయిన దేశం ఒకటుంది. ఇప్పుడు దాన్ని ఫిలిప్పీన్స్ అంటున్నారు. ఈ సంగతి జరిగినప్పుడు ఆ పేరు ఉందో లేదో నాకు తెలియదు. తెలియకపోయినా కథకి వచ్చిన లోటేం లేదు.

ఆ దీవుల్లో ఒకదాని మీద ఒక కొండ. కొండ నడుమ ఒక ఊట. ఊటకి పైన ఒక ఊరు, కింద ఒక ఊరు. వాటి అసలు పేర్లు మన నోటికి తిరగవు గనక మీదూరు, కిందూరు అనుకుందాం.

కిందూళ్ళో ఇసాంగ్ అనే ముసలామె ఉండేది. వాళ్ళు అవ్వని లోలా అంటారు. మనం ఇసాంగవ్వ అందాం. ఆమెకి పొలం లేదు, పడవ లేదు, మొగుడు పోయి చాలాకాలమైంది. పైగా ఒక కాలు రెండోదానికన్నా వేలెడు పొట్టి. పొద్దున్నే ఊట దగ్గర నీళ్ళు నింపుకునేది. నిలువెత్తు వెదురు గొట్టాన్ని భుజాన వేసుకుని, కుంటుకుంటూ ఇల్లిల్లూ తిరిగి నీళ్ళు పోసేది. ఆ ఇళ్ళవాళ్ళు పెట్టిందే ఆమె తిండి. ఉన్న ఒక్క కూతురు పిలాంగ్‌ని మీదూరికిచ్చి పెళ్ళి చేసింది.

ఊళ్ళో పెద్దవాళ్ళు ఆమెను నీళ్ళమనిషి అనేవాళ్ళు, అంతకు మించి పట్టించుకునేవాళ్ళు కాదు. పిల్లలకి మాత్రం ఆమె రాకపోతే పొద్దు గడిచేది కాదు. ఎందుకంటారా? వాళ్ళ ఆట అలాంటిది.

ఆ ఆట పేరు నీళ్ళాట. నేల మీద నిలువుగా ఒక పొడవాటి గీత. దానికి అడ్డంగా మూడు గీతలు. అడ్డగీతకి ఒకరు చొప్పున ముగ్గురు కాపలా. నాలుగోవాడు ఆ నిలువు నడిగీత మీద పైకీ కిందికీ పరుగెత్తుతూ మిగతా ముగ్గురికీ సాయం. ఎదుటి జట్టువాళ్ళు ఈ నలుగురి చేతికీ చిక్కకుండా మూడు గీతలూ దాటాలి. దాటి ఊరుకుంటే కుదరదు, మళ్ళీ మూడూ దాటుకుంటూ వెనక్కి రావాలి. కాపలావాడి కాలు గీత మీద ఉండగా తాకితేనే తాకినట్టు. జట్టులో ఒక్కడు దొరికినా అందరూ ఓడినట్టే.

మన పిల్లలైతే గీతలు పుల్లతో గీస్తారు. వాళ్ళు నీళ్ళతో పోస్తారు. గీత తడిగా ఉన్నంతసేపే ఆట. ఎండిన గీత మీద తాకితే తాకినట్టు కాదు, దాటితే దాటినట్టు కాదు. మళ్ళీ పోసుకుని మొదటినించి ఆడాల్సిందే. అది వాళ్ళ తాతలనాటి కట్టు. దొంగాట ఆడేవాడు కూడా ఆ ఒక్క మాట కాదనడు.

మరి గీత పోయడమంటే మాటలు కాదు. ఒకచోట మడుగు కడుతుంది, ఒకచోట తెగిపోతుంది, ఒకచోట పాములా వంకర తిరుగుతుంది. కుంటే మనిషికైతే ఇంకా కష్టం, అడుగడుక్కీ గొట్టం కుదుపుతుంది. ఇసాంగవ్వ చిన్నప్పుడు పొట్టికాలి వల్ల ఆటలోకి రానివ్వలేదు. పోనీ గీతలైనా పోస్తానంది. మొదటి ఏడు పోస్తే నవ్వారు. రెండో ఏడు పోస్తే ఊరుకున్నారు. మూడో ఏడు పోస్తే ఆట ఆపి చూశారు. కుంటే అడుగుకి తగ్గట్టు మణికట్టు తిప్పడం నేర్చింది. గొట్టం వంచేది, ఊపిరి బిగబట్టేది, నడిచేది. గీత దారం లాగినట్టు పడేది, ఆట ముగిసేదాకా ఎండేది కాదు. పోయగా గొట్టం అడుగున మిగిలిన గుక్కెడు నీళ్ళు చుట్టూ చేరిన చిన్నపిల్లల నోట్లో పోసేది. రెండూళ్ళ పిల్లలూ ఆమె కోసం కాట్లాడుకునేవాళ్ళు. ఇసాంగవ్వ పైకి విసుక్కునేది గానీ, లోపల ఆమెకి ఎంత గర్వమో చెప్పలేను. ఆమెకున్న ఆస్తి అదొక్కటే.

ఇలా ఉండగా ఒక ఏడు వాన పడలేదు. వెదుళ్ళు ఎండాయి, వరిమళ్ళు నెర్రెలు విచ్చాయి, ఊట సన్నబడి దారమంత ధార అయింది. మీదూరివాళ్ళు ఊట మాదన్నారు, కిందూరివాళ్ళు మాదన్నారు. మాటా మాటా పెరిగింది. కర్రలు బయటికొచ్చాయి, తర్వాత కత్తులు కూడా వచ్చాయి.

మీదూరి పెద్ద మకారియోకి కాస్త ముందుచూపుంది. తలలు పగలగొట్టుకోవడం ఎందుకు, నీళ్ళాట ఆడి తేల్చుకుందామన్నాడు. గెలిచిన ఊరిదే ఊట. ఓడిన ఊరు రెండు కొండలు దాటి ఏటికి పోవాలి. తమ కుర్రాళ్ళు లేడిపిల్లల్లా పరుగెత్తుతారని ఆయన ధీమా. కిందూరి పెద్ద తిమోయ్ కూడా తమ కుర్రాళ్ళని తలుచుకుని సరేనన్నాడు. గీతలు ఎవరు పోయాలంటే మాత్రం ఇద్దరూ ఒక్కసారే ఇసాంగవ్వ అన్నారు. ఆ నెలంతా వాళ్ళకి పొత్తు కుదిరిన మాట అదొక్కటే.

ఇసాంగవ్వ ఆలోచించింది. కిందూరు గెలిస్తే పైన పిలాంగ్‌కి, ఆమె ఒళ్ళో ఉన్న నెలల పసికందుకి నీళ్ళుండవు. మీదూరు గెలిస్తే తను ఇన్నేళ్ళూ నీళ్ళు మోసిన ఇళ్ళకి ఉండవు. ఏటిదాకా నడవలేని ముసలీ ముతకా రెండూళ్ళలోనూ ఉన్నారు. ఎవరు గెలిచినా కొన్ని ప్రాణాలు పోవడం ఖాయం, ఆ గీతలు పోసేది తన చెయ్యే.

ఆట ఎప్పుడు పెట్టుకుందామని పెద్దలడిగారు.

"మిట్టమధ్యాహ్నం పెట్టుకోండి నాయనా. ఎండలో తడిగీత నల్లగా కనిపిస్తుంది, పేచీ ఉండదు" అంది ఇసాంగవ్వ.

అది నిజమే గనక అందరూ తలూపారు.

మర్నాడు సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి రెండూళ్ళూ మైదానంలో చేరాయి. మొదటి గొట్టం నీళ్ళు మీదూరివాళ్ళు తెచ్చారు. ఇసాంగవ్వ గొట్టం వంచింది, ఊపిరి బిగబట్టింది, నడిచింది.

ఇక్కడ మీకొక రహస్యం చెప్పాలి. అక్కడ చూస్తున్నవాళ్ళెవరికీ అప్పటికి తెలియని రహస్యం. ఇసాంగవ్వ తన జన్మలో ఎన్నడూ పోయనంత పలచగా పోసింది. నేల పైపైన తడిసింది గానీ లోపలికి ఇంకలేదు. మణికట్టు ఎటు తిప్పితే గీత నిలుస్తుందో ఎరిగిన మనిషికి, ఎటు తిప్పితే నిలవదో తెలియదా? గొట్టంలో సగానికి సగం మిగిలిపోయింది. ఎప్పటిలాగే చిన్నపిల్లల్ని పిలిచి నోట్లో పోసింది. దాహంతో ఉన్న పిల్లలు గుటకలు వేశారే గానీ, ఇన్ని నీళ్ళు ఎలా మిగిలాయని అడగలేదు.

ఆట మొదలైంది. కిందూరి కుర్రాడొకడు మొదటి గీత దాటాడు, రెండోది దాటాడు, మూడో గీత దగ్గర కాపలావాడు తాకాడు. దొరికాడని మీదూరు కేకలేసింది. వంగి చూస్తే గీత లేదు, ఎండిపోయింది. మళ్ళీ పోయాలి.

రెండో గొట్టం కిందూరివాళ్ళు తెచ్చారు. ఇసాంగవ్వ గొట్టం వంచింది, ఊపిరి బిగబట్టింది, నడిచింది. మిగిలిన నీళ్ళు మళ్ళీ పిల్లలకే. ఈసారి పిలాంగ్ కూడా బిడ్డతో వచ్చి దోసిలి పట్టింది. గొట్టం బరువు చూసి తల్లి మొహంలోకి చూసింది. తల్లి చూపు తిప్పుకుంది. పిలాంగ్ బిడ్డకి తాగించి, వెళ్ళి తన ఊరివాళ్ళలో కూర్చుంది.

ఈసారి దాటే వంతు మీదూరిది. వాళ్ళ కుర్రాడు మూడు గీతలూ దాటాడు, తిరిగి వస్తూ రెండు దాటాడు. ఇంకొక్కటి మిగిలింది. కిందూరివాళ్ళు గీత ఎండిందని అరిచారు. నిజంగానే ఎండింది.

అప్పుడు మొదలయ్యాయి నవ్వులు. ముసలిదాని చెయ్యి వణుకుతోందని ఒకరు, కళ్ళు కనబడటం లేదని ఒకరు, ఇంతకాలం పిల్లల్ని మాయచేసి బతికిందని ఇంకొకరు. మకారియో అందరికన్నా పెద్దగా నవ్వాడు.

"అవ్వా, నీ చెయ్యి పోయింది. ఇంకెవరికైనా ఇచ్చేయరాదూ గొట్టం?"

ఇసాంగవ్వకి తలకొట్టేసినట్టయింది. మూడేళ్ళు నేర్చిన పని, అరవయ్యేళ్ళు నిలబెట్టుకున్న పేరు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి తిన్నగా పోసి చూపిద్దామని చెయ్యి కొట్టుకులాడింది. ఎదురుగా పిలాంగ్ ఒళ్ళో బిడ్డ కనిపించింది.

"ఈ ఒక్కసారికీ నన్నే పోయనివ్వు నాయనా" అంది.

మూడో గొట్టానికి చెరో సగం నీళ్ళూ తెచ్చి కలిపారు. అదే ఆఖరని అందరికీ తెలుసు, ఊట దగ్గర మళ్ళీ గొట్టం నిండాలంటే పొద్దుగూకాలి. ఇసాంగవ్వ గొట్టం వంచింది, ఊపిరి బిగబట్టింది, నడిచింది. ఈసారి కావాలనే రెండు వంకరలు కూడా తిప్పింది. అవి ఎండ కన్నా ఎక్కువ కాల్చాయి ఆమెను.

కిందూరి కుర్రాడు వెళ్ళాడు, వచ్చాడు, ఆఖరి గీత మీద కాలు వేశాడు. నడిగీత కాపలావాడు వీపు మీద చరిచాడు. గెలిచామని వీళ్ళు, దొరికాడని వాళ్ళు. కర్రలు లేచాయి. ఇసాంగవ్వ కుంటుకుంటూ వాటి మధ్యకి వెళ్ళి, నేల మీద కూర్చుని, గీత ఉన్నచోట అరచెయ్యి ఆనించింది. ఎత్తి అందరికీ చూపించింది. పొడి దుమ్ము.

"మళ్ళీ పోస్తాను. నీళ్ళు తెండి. ఎవరింట్లోవి తెస్తారు?"

ఆడవాళ్ళు కుండల మీద కొంగులు కప్పుకున్నారు.

"సరే. గీత లేదు గనక ఆట ముగియలేదు. ఆట ముగియలేదు గనక గెలిచినవాళ్ళు లేరు, ఓడినవాళ్ళు లేరు. గెలిచిన ఊరిదే ఊట అన్నారు మీరే. ఎవరూ గెలవలేదు. వాన పడి, గీతకి నీళ్ళు దొరికేదాకా ఊట ఇద్దరిదీను. వాన పడ్డాక ఆడుకోండి, నేను కాదన్ను."

మకారియో తిమోయ్ వంక చూశాడు. తిమోయ్ మకారియో వంక చూశాడు. తాతలనాటి కట్టు మరి, కాదనే వీలు ఇద్దరికీ లేదు. ఒక రోజు మీదూరు, ఒక రోజు కిందూరు వంతులేసుకున్నారు. గొంతు తడిసేపాటి నీళ్ళే, కానీ ఎవరూ చావలేదు. నలభై రోజులకి వాన పడింది. మైదానం బురదై, ఊట పొంగి, ఆ ఆట మిగిలిపోయిందని గుర్తు చేసినవాడు లేడు.

ఇసాంగవ్వ పేరు మాత్రం పోయింది. పిల్లలు గీతలకి వేరేవాళ్ళని పిలిచారు. ఆమె నీళ్ళు మోసుకుంటూ మైదానం పక్కగా వెళుతూ ఆ వంకర గీతలు చూసేది. చెయ్యి దురద పెట్టేది. అయినా నోరు విప్పలేదు. కావాలని పలచగా పోశానంటే అది దొంగాట అవుతుంది, కర్రలు మళ్ళీ లేస్తాయి. అలా ఒక ఏడు గడిచింది, రెండేళ్ళు, ఆరేళ్ళు గడిచాయి.

ఏడో ఏడు మంచం పట్టింది. అప్పటికి రెండూళ్ళ మధ్య పది పెళ్ళిళ్ళు జరిగాయి. పిలాంగ్ వచ్చి పక్కన కూర్చుంది.

"ఇంక చెప్పినా కొట్టుకోరు. నేను పోయాక చెప్పు. ఊట సంగతి నాకక్కర్లేదు. నా చెయ్యి తప్పలేదని చెప్పు. అదొక్కటి చెప్పు."

అని పోయింది.

పాతిపెట్టేచోట రెండూళ్ళ ముందూ పిలాంగ్ నిలబడి ఆ మాట చెప్పింది. దోసిట్లో నీళ్ళ సంగతీ చెప్పింది. ఆ రోజు నీళ్ళు తాగిన పిల్లలు ఇప్పుడు ఎదిగారు. ఒక్కొక్కరే ముందుకొచ్చి, నేనూ తాగాను, కడుపు నిండా తాగాను అన్నారు. తర్వాత ముసలివాడైన మకారియో ఇసాంగవ్వ గొట్టం అడిగి తీసుకుని, నింపుకుని, గోరీ చుట్టూ గీత పోశాడు. అది మూడుచోట్ల తెగింది. ఎవరూ నవ్వలేదు.

ఇవ్వాళ్టికీ ఆ కొండ మీద పిల్లలు నీళ్ళాటకి రెండూళ్ళ నీళ్ళూ కలిపే గీత పోస్తారు. ఆట సగంలో గీత ఎండితే గొడవపడరు. ఇసాంగవ్వ ఆపింది అనుకుని, రెండు జట్లూ ఒకే కుండలో నీళ్ళు తాగుతారు. గీతలు పోసే పని పరుగెత్తలేని పిల్లకో పిల్లాడికో ఇస్తారు, బతిమాలి మరీ ఇస్తారు. ఆ పిల్ల గొట్టం వంచి, ఊపిరి బిగబట్టి, నడుస్తుంటే రెండూళ్ళ పిల్లలూ వరసగా నిలబడి గొంతెత్తి ఒక్కటే మాట అంటారు.

"ఇసాంగవ్వ చెయ్యి తప్పలేదు."

అది అన్నాకే ఆట మొదలు.