దోమలకు తల్లిని వెతికిన ఇల్లు

గెడ్డవలసలో తెలివంతా తన ఇంట్లోనే ఉందని అప్పలకొండ నమ్మకం. అదెక్కడ జారిపోతుందోనని స్నానానికి కూడా తలపాగా విప్పేవాడు కాదు. పెళ్ళాం నూకాలు, తమ్ముడు సన్నాసి ఆయన ఏమన్నా తలూపేవాళ్ళు.

పురిటికి వచ్చిన కూతురు పైడమ్మకి నెల పిల్ల. పిల్ల ఒళ్ళంతా దోమకాట్లే.

"నాన్నా, ఈ దోమలు రేపటికి పోకపోతే పిల్లనెత్తుకుని మా అత్తోరింటికి పోతాను" అంది పైడమ్మ. మనవరాలు వెళ్ళిపోతుందంటే నూకాలుకి ముద్ద దిగలేదు.

అప్పలకొండ దోమల కాయిల్ కొన్నాడు. దారిలో రాజారావు మాస్టారు కనబడితే, డబ్బా మీద ఏం రాశారని అడిగాడు.

"మస్కిటో అని. అంటే దోమ. ఇంగ్లీషు వాళ్ళు ఆ మాట స్పానిష్ నుంచి తెచ్చుకున్నారు. అక్కడ మోస్కా అంటే ఈగ, మస్కిటో అంటే చిన్న ఈగ" అన్నాడు మాస్టారు.

అంతే. డబ్బా అక్కడే పారేసి ఇంటికి పరుగెత్తాడు. "ఒసే నూకాలూ! దోమలు ఈగల పిల్లలంట! తల్లి కనబడక మన చెవుల్లో ఏడుస్తున్నాయే!"

"అయ్యో నా తల్లే!" నూకాలు కళ్ళు తుడుచుకుంది.

ఇంకేముంది, తల్లుల్ని పిలవడానికి గోడలకి బెల్లం పాకం పూశారు. ఊళ్ళో ఈగలన్నీ వచ్చాయి. వెనకే చీమలూ వచ్చాయి. ఉయ్యాల్లో పిల్ల కెవ్వుమంది. పైడమ్మ బట్టలు మూటకట్టసాగింది.

"ఉండవే, తల్లీబిడ్డల్ని కలిపేస్తాం" అని పిల్లని తీసి బయట పడుకోబెట్టి, అటక మీద మూలుగుతున్న దోమతెర దించి కట్టి, అందులోకి ఈగల్నీ దోమల్నీ తోలారు. సందెపడింది. ఈగలు కదలకుండా పడుకున్నాయి. దోమలు మాత్రం ఏడుస్తూనే ఉన్నాయి.

"ఏం తల్లులే మీరు!" అని నూకాలు ఈగల్ని తిట్టింది.

సన్నాసి బుర్ర గోక్కున్నాడు. "వదినా, ఈగ కరవదు గదా. ఈ పిల్లలు ఎదిగితే ఈగలవుతాయి, ఇంక కరవవు. ఎదగాలంటే తినాలి."

అంతే. అన్నదమ్ములు చొక్కాలు విప్పి తెరలో కూర్చున్నారు. నూకాలు రెండు చేతులూ చాపింది. "తినండి నాన్నా, కడుపునిండా తినండి."

తెల్లారేసరికి పైడమ్మ పిల్లతో ఆటో ఎక్కింది. వాచిపోయిన మొహంతో అప్పలకొండ అరచెయ్యి చాపుకుని పరుగెత్తాడు. చేతిలో రక్తం తాగి కదల్లేని దోమ.

"దిగవే అమ్మా! ఒక్క రాత్రికే ఎంత ఎదిగిందో చూడు! ఎల్లుండికి ఈగైపోతుంది!"

పైడమ్మ ఆ చేతి మీద చట్టున ఒకటేసింది. ఆటో వెళ్ళిపోయింది.

"పెంచిన బిడ్డని చంపేసిందిరో!" అని గొల్లుమంది నూకాలు. "వాళ్ళమ్మకి ఏమని చెప్తాం?"

అప్పలకొండ ఆ రోజే మొదటిసారి తలపాగా విప్పాడు. పోయినదాన్ని అందులో చుట్టుకుని, ఈగల్ని పరామర్శించడానికి ఇంటికి నడిచాడు.