ఇసుకలో దాచిన కడవ

“దోపిడీ లోకంలో నమ్మకం బానిస సంకెల కాదా, స్వామీ?” అని శిష్యుడు వన్నూరప్ప అడిగింది ఇసుకదిబ్బల మధ్య, నడక మొదలైన పూటే.

గురువు తిప్పేస్వామి ఏటా శిష్యులతో ఒక పెద్ద చుట్టు నడిచేవాడు. మఠం నుంచి ఇసుక దాటి కొండలెక్కి, అవతల దిగి, కొండల వెనకగా తిరిగి మళ్లీ అదే ఇసుకలోకి రావాలి. తిరుగుదారిలో తాగడానికి పోయేటప్పుడే కడవ నీళ్లు ఇసుకలో పాతి, పైన తుమ్మకొమ్మ గుచ్చడం వాళ్ల ఆచారం. కొమ్మ చూసి ఎవరైనా తవ్వుకుని తాగవచ్చు.

వన్నూరప్పకు మండింది అక్కడే. ఈరప్ప అనే గొర్రెల కాపరి దిబ్బ మీద నిలబడి అంతా చూస్తున్నాడు. నీళ్లున్న చోటు శత్రువుకు జెండా పాతి చూపిస్తారా అన్నాడు వన్నూరప్ప. గురువు ముందుకు నడిచాడు. వన్నూరప్ప ఏదో సాకుతో వెనకబడి, కొమ్మ పీకేసి, కడవను మరోచోట పాతాడు. ఎద్దు మూపురంలా ఉన్న దిబ్బ పక్కన అని గుర్తుపెట్టుకున్నాడు.

కొండలు దిగేసరికి నీళ్ల తోలుతిత్తులు ఎండిపోయాయి. అందరిలోకీ పెద్దదైన లింగక్క నాలుక పిడచగట్టి, ఇసుకలోకి రాగానే కళ్లు తేలవేసింది. కొమ్మ లేదు. కాపరే కడవ ఎత్తుకుపోయాడని శిష్యులు తిట్టారు. వన్నూరప్ప కాదనలేదు. దిబ్బ వెంట దిబ్బ చేతులతో తవ్వాడు. పోయేటప్పుడు కనబడిన మూపురం, ఇటు నుంచి వస్తే ఎక్కడా లేదు.

అంతలో ఈరప్పే వచ్చాడు. తన తిత్తి విప్పి లింగక్క నోట్లో కొద్దికొద్దిగా పోశాడు. ఆమె కళ్లు తెరిచాక అన్నాడు: “కొమ్మ కనపళ్లేదు సామీ. ఈ యేడు కడవ పెట్టలేదేమో అనుకొంటి. పెట్టింటే ఎప్పట్లాగ నింపిపెట్టేవాణ్ని గదా.”

ఇన్నేళ్లూ కడవ తరగకపోవడం ఇసుక చలువే అనుకున్నవాళ్లు తలలు దించుకున్నారు.

వన్నూరప్ప తాను చేసింది చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. గురువునే నిలదీశాడు: “మీకు ముందే తెలుసు. నాకు బుద్ధి చెప్పడానికి ఆమె ప్రాణం పణం పెట్టారు. పీఠమెక్కినవాళ్లంతా ఇంతే.”

తిప్పేస్వామి లింగక్క తలను ఒడిలో సర్దుకున్నాడు.

“తెలియదు నాయనా,” అన్నాడు. “నిన్ను అనుమానించాలని తోచలేదు.”